పాత ఇంజిన్ కొనాలా, వద్దా? అండమాన్ దీవుల్లో నష్టభయాన్ని లెక్కగట్టడం

పాత కారు కొనేవారు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "ఇంజిన్ ఎలా ఉంది?" అమ్మేవారి జవాబూ ఒకటే: "బ్రహ్మాండంగా ఉంది". ఈ రెండు మాటల మధ్య లక్షల రూపాయలు చేతులు మారతాయి. ఇంజిన్ పాడవుతుందా, పాడవదా అని ఎవరూ ముందే చెప్పలేరు. కానీ పాడయ్యే అవకాశం ఎంత, పాడైతే పోయేదెంత, ఆ అవకాశాన్ని తగ్గించడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చు అనే మూడు ప్రశ్నలకు సంభావ్యతా శాస్త్రం, భౌతికశాస్త్రం కలిసి పనికొచ్చే జవాబులు ఇస్తాయి.

ఈ లెక్కను అర్థం చేసుకోవడానికి అండమాన్ నికోబార్ దీవులు మంచి ప్రయోగశాల. రాజధాని పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా రేవులకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, ఎప్పుడూ తేమగా ఉండే గాలి, నాలుగువైపులా ఉప్పునీరు. 2011 జనగణన ప్రకారం దీవుల్లో దాదాపు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఎన్నో. ఇక్కడ పాత ఇంజిన్ కొనడం అంటే కారు, ట్యాక్సీ మాత్రమే కాదు, వేటకు వెళ్లే పడవ కూడా.

ఒక స్పోర్ట్స్ కారు, అరచేతిలో పట్టే బేరింగ్

పాత ఇంజిన్ల నష్టభయం గురించి ప్రపంచంలో బాగా చర్చకు వచ్చిన ఉదాహరణ జర్మనీ స్పోర్ట్స్ కారు పోర్షేది. 1990ల చివరి నుంచి 2005 వరకు వచ్చిన బాక్స్‌స్టర్, 911 మోడళ్లలో చాలావాటి ఇంజిన్‌లో ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే ఇరుసు ఉంటుంది. క్రాంక్‌షాఫ్ట్ తిప్పే శక్తిని చైన్ల ద్వారా క్యామ్‌షాఫ్ట్‌లకు అందించడం దాని పని. ఆ ఇరుసు ఒక చివర చిన్న బాల్ బేరింగ్ మీద తిరుగుతుంది.

బేరింగ్ లోపల గ్రీజు నింపి, సీలు వేసి ఉంచారు. ఏళ్లు గడిచేకొద్దీ సీలు వదులై, ఇంజిన్ ఆయిల్ లోపలికి చేరి గ్రీజును కడిగేస్తుంది. అరిగిన బేరింగ్ విరిగితే ఇరుసు పట్టు తప్పుతుంది. వాల్వులు తెరుచుకునే వేళకూ, పిస్టన్లు పైకి వచ్చే వేళకూ పొత్తు కుదరదు. పిస్టన్ వెళ్లి వాల్వును ఢీకొంటుంది. కొద్ది క్షణాల్లో ఇంజిన్ మొత్తం పనికిరాకుండా పోతుంది. బేరింగ్ ధర కొంచెమే అయినా, అది తెచ్చిపెట్టే నష్టం ఒక్కోసారి పాత కారు ధరలో పెద్ద భాగం.

2001 మే 4 నుంచి 2005 ఫిబ్రవరి 21 వరకు తయారైన కార్ల విషయంలో యజమానులు అమెరికాలో వేసిన సామూహిక దావా 2013లో రాజీతో ముగిసింది. ఆ వ్యాజ్యంలో వెల్లడైన అంకె ప్రకారం ఒకే వరస గుళ్లున్న బేరింగులలో సుమారు 8 శాతం విఫలమయ్యాయి. అంతకుముందు వాడిన రెండు వరసల బేరింగులలో ఇది 1 శాతం లోపే. అదే కాలంలో వచ్చిన 911 టర్బో, జీటీ3 రకాలకు వేరే నిర్మాణం ఉన్న ఇంజిన్ కావడంతో ఈ బలహీనత లేదు. పేరు ఒకటే, బయటి రూపమూ దాదాపు ఒకటే, లోపలి నష్టభయం మాత్రం వేరు. అందుకే "ఈ కంపెనీ ఇంజిన్లు మంచివి" లేదా "చెడ్డవి" అన్న మాట కొనేవారికి పెద్దగా ఉపయోగపడదు. ఏ ఏడాది, ఏ ఇంజిన్, ఏ భాగం అన్నదే అసలు ప్రశ్న.

8 శాతం అంటే ఏమిటి?

ఒక శాతం కనిపించగానే రెండు ప్రశ్నలు వేయాలి. ఎన్నింటిలో? ఎంత కాలంలో? "100 ఇంజిన్లలో 8" అన్నప్పుడు అది ఒక ఏడాదిలోనా, పదేళ్లలోనా అన్నది తెలియకపోతే అంకెకు అర్థం లేదు. మెకానిక్‌ని అడిగితే "ఈ ఇంజిన్లన్నీ పోతాయండీ" అనవచ్చు. ఆయన దగ్గరికి పాడైన బళ్లే వస్తాయి కాబట్టి ఆయనకు అలాగే కనిపిస్తుంది. యజమానిని అడిగితే "నాది పదేళ్లుగా నడుస్తోంది" అంటారు. పాడైన బండిని ఎప్పుడో తుక్కుకు వేసినవారు అక్కడ సాక్ష్యం చెప్పడానికి ఉండరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఇద్దరి లెక్కలోనూ భిన్నం కింద ఉండాల్సిన మొత్తం సంఖ్య లేదు.

కాలం చేసే మార్పు కూడా గమనించాలి. ఒక ఇంజిన్ ఏడాదిలో పాడయ్యే అవకాశం 2 శాతం అనుకుందాం. ఏడాది గట్టెక్కే అవకాశం 98 శాతం. ఐదేళ్లూ గట్టెక్కాలంటే 0.98ని ఐదుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.904. అంటే ఐదేళ్లలో పాడయ్యే అవకాశం 9.6 శాతం. ఏడాదికి చూస్తే స్వల్పం అనిపించిన అంకె, ఉంచుకునే కాలాన్ని బట్టి పదో వంతుకు చేరింది.

అయితే ఏటా ఒకే అవకాశం ఉంటుందనడం కూడా సరళీకరణే. యంత్రాల వైఫల్య రేటును కాలంతోపాటు గీస్తే చాలాసార్లు స్నానపు తొట్టె ఆకారం వస్తుంది. కొత్తలో తయారీ లోపాల వల్ల వైఫల్యాలు ఎక్కువ, నడుమ కాలంలో తక్కువ, చివర అరుగుదల వల్ల మళ్లీ ఎక్కువ. పాత ఇంజిన్ మొదటి గండం దాటి వచ్చింది, కానీ మూడో దశకు ఎంత దగ్గరలో ఉందో తెలియదు.

బేరింగ్ ఆయుష్షును ఎలా కొలుస్తారు?

ఒకే యంత్రం మీద, ఒకే ఉక్కుతో చేసిన బేరింగులను ఒకే బరువు కింద తిప్పినా అన్నీ ఒకేసారి విరగవు. అందుకే ఇంజినీర్లు వాటి ఆయుష్షును ఒక్క అంకెతో కాకుండా సంభావ్యతతో చెబుతారు. వందలో 10 బేరింగులు విఫలమై, 90 ఇంకా తిరుగుతూ ఉండే స్థాయిని ప్రామాణిక ఆయుష్షుగా తీసుకుంటారు. ఈ రకమైన చెదురును వర్ణించడానికి స్వీడన్ ఇంజినీరు వాలొడ్డీ వైబుల్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం నేటికీ విశ్వసనీయతా శాస్త్రానికి పునాదుల్లో ఒకటి.

బాల్ బేరింగ్ విషయంలో ఇంకో ముఖ్యమైన నియమం ఉంది. దాని ఆయుష్షు మోసే బరువు ఘనానికి విలోమానుపాతంలో ఉంటుంది. బరువు రెట్టింపైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. బరువు 20 శాతం పెరిగినా ఆయుష్షు 58 శాతానికి పడిపోతుంది. ఒకే మోడల్ బళ్లు రెండింటిని ఇద్దరు వేర్వేరుగా వాడితే, ఒకదాని బేరింగులు ఎందుకంత త్వరగా పోతాయో ఈ ఘన నియమం చెబుతుంది. ఓవర్‌లోడుతో తిరిగిన బండి అదే కిలోమీటర్ల వద్ద కూడా ఎక్కువ వయసుదే.

ఈ లెక్కలన్నీ శుభ్రమైన, సరిపడినంత నూనె ఉందన్న షరతు మీద ఆధారపడి ఉంటాయి. నూనెలో నీరు, మట్టి చేరితే లెక్క మారిపోతుంది. దీవుల కథ ఇక్కడే మొదలవుతుంది.

మీటరు తక్కువ తిరిగితే మంచిదేనా?

అండమాన్‌లో అమ్మకానికి వచ్చే పాత కారు మీటరు చూస్తే ముచ్చటేస్తుంది. చిన్న ఊరు, చిన్న దూరాలు. ఇంటి నుంచి బజారు, బజారు నుంచి జెట్టీ. పదేళ్ల కారు కూడా తక్కువ కిలోమీటర్లే తిరిగి ఉండవచ్చు. దీన్ని మంచి లక్షణంగానే అందరూ చూస్తారు. భౌతికశాస్త్రం మాత్రం కాస్త ఆగమంటుంది.

లీటరు పెట్రోలు పూర్తిగా మండితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దీనిలో చాలాభాగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, నూనె ఉండే గదిలోకి జారుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే ఆ తేమ మళ్లీ ఆవిరై వెళ్లిపోతుంది. రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే ఇంజిన్‌కు ఆ వేడి అందదు. నీరు చల్లబడి నూనెలో కలుస్తుంది. ఆయిల్ మూత తెరిస్తే లోపలివైపు మీగడలా తెల్లని జిడ్డు కనిపించడానికి ఇదొక కారణం. హెడ్ గ్యాస్కెట్ పోయి కూలెంట్ కలవడం మరో కారణం కాబట్టి, ఆ జిడ్డు కనిపిస్తే అసలు కారణం తేలేదాకా కొనుగోలు ఆపాలి.

నీరు కలిసిన నూనె ఆమ్లగుణం పెంచుకుంటుంది, లోహాల మధ్య పలుచని పొరగా నిలబడలేదు. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండిలో సిలిండర్ గోడల మీద నూనె పొర జారిపోయి తుప్పు మొదలవుతుంది. పోర్షే బేరింగుల విషయంలో కూడా ఎక్కువ తిరిగిన కార్లకంటే షెడ్డులో దాచిన, ఆయిల్ మార్చడంలో అశ్రద్ధ చేసిన కార్లే ఎక్కువ ఇబ్బంది పెట్టాయన్నది వాటిని మరమ్మతు చేసే చాలామంది మెకానిక్‌ల అనుభవం.

ఉప్పుగాలి దీనికి తోడవుతుంది. ఉప్పు కరిగిన తేమ విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది. అల్యూమినియం, ఉక్కు, రాగి వంటి వేర్వేరు లోహాలు కలిసే చోట ఆ తేమ చేరితే అక్కడొక చిన్న బ్యాటరీ ఏర్పడి, చురుకైన లోహం కరిగిపోతుంది. రేడియేటర్ రెక్కలు, వైరింగు కనెక్టర్లు, సెన్సర్లు ముందు దెబ్బతింటాయి. పడవల మీద జింకు దిమ్మలు బిగించేది ఇందుకే. జింకు తాను కరిగి, మిగతా లోహాన్ని కాపాడుతుంది. పాత పడవ ఇంజిన్ చూసేటప్పుడు ఆ దిమ్మ పూర్తిగా కరిగిపోయి ఉంటే, దాని తరవాత ఇంజిన్ లోహమే కరుగుతూ వచ్చిందని అర్థం.

అవకాశం ఒకటే, ఫలితం వేరు

నష్టభయం అంటే అవకాశం మాత్రమే కాదు. అవకాశాన్ని పర్యవసానంతో గుణిస్తేనే నష్టభయం తెలుస్తుంది. ఊహాత్మక అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఒక పాత ట్యాక్సీ ఇంజిన్ మూడేళ్లలో పాడయ్యే అవకాశం 8 శాతం అనుకుందాం. రోజుకు ట్యాక్సీ మీద వచ్చే ఆదాయం 1,500 రూపాయలు.

హైదరాబాద్‌లో మరమ్మతుకు 1,50,000 రూపాయలు, బండి ఆగిపోయిన 10 రోజులకు 15,000 రూపాయలు. మొత్తం 1,65,000. దీనిలో 8 శాతం 13,200 రూపాయలు.

శ్రీ విజయపురంలో మరమ్మతుకు అదే 1,50,000, విడిభాగాలు ఓడ మీద రావడానికి రవాణా ఖర్చు 15,000, ఎదురుచూసిన 40 రోజులకు 60,000. మొత్తం 2,25,000. దీనిలో 8 శాతం 18,000 రూపాయలు.

ఇంజిన్ అదే, అవకాశం అదే. సముద్రం మధ్యలో ఉన్నందుకు సగటు నష్టం మూడో వంతుకు పైగా పెరిగింది. కాబట్టి దీవిలో అదే బండికి ఇవ్వదగిన ధర ఆ మేరకు తక్కువగా ఉండాలి.

డబ్బులో కొలవలేని పర్యవసానాలూ ఉన్నాయి. శ్రీ విజయపురం నుంచి ఉత్తరాన డిగ్లీపూర్ వైపు వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు జిర్కాటాంగ్ నుంచి మిడిల్ స్ట్రెయిట్ వరకు సుమారు 50 కిలోమీటర్లు జరావాల రక్షిత అరణ్యం గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళల్లో, రక్షణతో, ఒకదాని వెనక ఒకటి కాన్వాయ్‌గా మాత్రమే వెళ్లాలి. మధ్యలో ఆగకూడదు. బయటివారితో ఎక్కువ సంపర్కం లేని ఆ ప్రజలకు మామూలు వ్యాధులు కూడా ప్రమాదకరం. 1999లో జరావాల్లో తట్టు వ్యాపించింది. ఆ దారిలో ఆగిపోయిన ఇంజిన్ ఒక్క యజమాని సమస్యగా మిగలదు. ఆ దారిన నిత్యం తిరగాల్సిన బండి ఇంజిన్‌కు పెట్టుకోవాల్సిన ప్రమాణం, ఊళ్లో తిరిగే బండి కంటే ఎక్కువ.

సముద్రం మీద పరిస్థితి ఇంకా తీవ్రం. 2021 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ నుంచి దాదాపు 90 మంది రోహింగ్యాలతో బయలుదేరిన పడవ ఇంజిన్ అండమాన్ సముద్రంలో పాడైపోయింది. పడవ రోజుల తరబడి కొట్టుకుపోయింది. నీళ్లు, తిండి అయిపోయాయి. భారత తీర రక్షక దళం దాన్ని కనుగొనేసరికి 81 మంది ప్రాణాలతో ఉన్నారు, 8 మంది అప్పటికే చనిపోయారు. రోడ్డు మీద ఇంజిన్ ఆగితే బండి ఆగుతుంది. సముద్రంలో ఇంజిన్ ఆగితే పడవ ఆగదు, గాలి ఎటు, ప్రవాహం ఎటు అయితే అటు పోతుంది.

పరీక్ష ఏం చెబుతుంది?

కొనేముందు పరీక్ష చేయిస్తే అనుమానం పూర్తిగా తీరదు, తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క వేయవచ్చు. 100 పాత ఇంజిన్లలో 8 చెడ్డవి అనుకుందాం. ఆయిల్ ఫిల్టర్ కోసి, అందులో లోహపు రజను ఉందేమో చూసే పరీక్ష ఆ 8లో 6ను పట్టుకుంటుందని, మంచివైన 92లో 9ని పొరపాటున అనుమానిస్తుందని అనుకుందాం.

పరీక్షలో అనుమానం వచ్చినవి మొత్తం 15. వాటిలో నిజంగా చెడ్డవి 6, అంటే 40 శాతం. నెగ్గినవి 85. వాటిలో చెడ్డవి 2, అంటే 2.4 శాతం. పరీక్ష నెగ్గితే భయం 8 నుంచి 2.4 శాతానికి తగ్గింది. తప్పితే ఇంజిన్ చెడ్డదని రుజువు కాలేదు, కానీ భయం ఐదు రెట్లు పెరిగింది. 18వ శతాబ్దపు థామస్ బేయస్ పేరుతో పిలిచే ఈ పద్ధతే వైద్య పరీక్షల ఫలితాలను అర్థం చేసుకోవడానికీ వాడతారు.

ఒక పరీక్షకు మరోటి తోడైతే చిత్రం ఇంకా స్పష్టమవుతుంది. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి చూడాలి. ముందే వేడిచేసి ఉంచిన ఇంజిన్ చాలా లోపాలను దాచేస్తుంది. ఆగని నీలి పొగ వస్తే నూనె మండుతోందని, ఇంజిన్ బోరుకు వచ్చి ఉండవచ్చని అర్థం. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతుండవచ్చు. అన్ని సిలిండర్ల కంప్రెషన్ కొలిచి ఒకదానితో ఒకటి పోల్చాలి. వీలుంటే నూనె నమూనాను ప్రయోగశాలకు పంపాలి. అందులో ఇనుము, రాగి పెరిగితే బేరింగులు, గోడలు అరుగుతున్నట్టు. సోడియం కనిపిస్తే కూలెంటో, సముద్రపు నీరో లోపలికి చేరుతున్నట్టు.

రెండో ఇంజిన్ ఉంటే భయం లేదా?

వేటకు వెళ్లేవారు కొందరు రెండో ఇంజిన్ పెట్టుకుంటారు. ఒక ప్రయాణంలో ఇంజిన్ ఆగిపోయే అవకాశం 1 శాతం అయితే, రెండూ ఆగిపోయే అవకాశం వందో వంతులో వందో వంతు, అంటే 10,000 ప్రయాణాలకు ఒకటి అనిపిస్తుంది. ఈ గుణకారం ఒక షరతు మీదే చెల్లుతుంది: రెండు వైఫల్యాలకూ సంబంధం ఉండకూడదు.

రెండు ఇంజిన్లూ ఒకే ట్యాంకు డీజిల్ తాగితే? తేమగాలిలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రిపూట నీరు చేరుతుంది. ఆ 1 శాతంలో 0.2 శాతం నీళ్లు కలిసిన ఇంధనం వల్లే అనుకుంటే, అప్పుడు రెండూ కలిసే ఆగుతాయి. లెక్క వేస్తే 10,000 ప్రయాణాల్లో సుమారు 21 సార్లు రెండు ఇంజిన్లూ ఆగుతాయి. భయం వందో వంతుకు తగ్గలేదు, ఐదో వంతుకే తగ్గింది. రెండో ఇంజిన్‌కు వేరే చిన్న ట్యాంకు, వేరే ఫిల్టర్ పెడితే ఆ మిగిలిన భయంలో చాలాభాగం పోతుంది. ఖర్చు మాత్రం కొత్త ఇంజిన్‌తో పోలిస్తే చాలా తక్కువ.

దీనికి ఆకాశంలో జరిగిన ఉదాహరణ ప్రసిద్ధం. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 747 విమానం ఇండోనేషియా మీదుగా వెళ్తుండగా నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. గాలుంగుంగ్ అగ్నిపర్వతం బూడిద మేఘంలోకి విమానం వెళ్లడమే కారణం. ఇంజిన్లు నాలుగైనా అవి పీల్చే గాలి ఒకటే. మేఘం దాటాక ఇంజిన్లు మళ్లీ పనిచేసి విమానం జకార్తాలో దిగింది. మనదేశపు ఏకైక చురుకైన అగ్నిపర్వతం బారెన్ ద్వీపం కూడా అండమాన్ సముద్రంలోనే ఉంది.

తీర్మానం ఎలా?

సగటు నష్టం లెక్క వంద బళ్లున్న సంస్థకు బాగా పనిచేస్తుంది. వందలో 8 పోతాయి, మిగతా 92 ఆ నష్టాన్ని మోస్తాయి. ఒకే బండి, ఒకే పడవ ఉన్న కుటుంబానికి 18,000 రూపాయల నష్టం అనేది ఎప్పుడూ రాదు. వస్తే 2,25,000, లేకపోతే సున్నా. కాబట్టి అలాంటి కుటుంబం అడగాల్సిన ప్రశ్న "సగటున ఎంత పోతుంది?" అని కాదు, "అంతా పోయినా తట్టుకోగలమా?" అని. తట్టుకోలేకపోతే చవకగా వచ్చినా ఆ ఇంజిన్ ఖరీదైనదే. ధర అంతటినీ కొనుగోలుకే పెట్టకుండా, ఇంజిన్ మరమ్మతుకు సరిపడే మొత్తాన్ని పక్కన ఉంచుకోగలిగినవారికే పాత ఇంజిన్ బేరం లాభం.

పర్యవసానాన్ని తగ్గించడం కూడా నష్టభయాన్ని తగ్గించడమే. పడవలో ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరం, అదనపు తాగునీరు, తెడ్లు, లంగరు ఉంటే ఇంజిన్ ఆగే అవకాశం మారదు, ప్రాణాపాయం మారుతుంది. సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళం నంబరు 1554. దారితప్పిన పడవ ఎటు కొట్టుకుపోయి ఉంటుందో అంచనా వేయడానికి హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ 'సారట్' అనే సాధనాన్ని నడుపుతోంది. గాలి, ప్రవాహాల సమాచారంతో ఎన్నో సాధ్యమైన దారులను లెక్కించి, వెతకాల్సిన ప్రాంతాన్ని పటం మీద చూపిస్తుంది. చివరిసారి పడవ ఎక్కడ, ఎన్ని గంటలకు కనిపించిందన్న వివరం ఎంత కచ్చితంగా ఉంటే ఆ ప్రాంతం అంత చిన్నదవుతుంది. బయలుదేరే ముందు ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి వస్తామన్నదీ ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్లడానికి రూపాయి ఖర్చు లేదు.

అభ్యాసం

1. ఒక ఇంజిన్ ఏడాదిలో పాడయ్యే అవకాశం 3 శాతం. నాలుగేళ్లలో పాడయ్యే అవకాశం ఎంత?

2. 200 ఇంజిన్లలో 20 చెడ్డవి. పరీక్ష వాటిలో 15ను పట్టుకుంటుంది, మంచివైన 180లో 18ని పొరపాటున అనుమానిస్తుంది. పరీక్ష నెగ్గిన ఇంజిన్ చెడ్డదయ్యే అవకాశం ఎంత?

3. బాల్ బేరింగ్ మీద బరువు మూడు రెట్లయితే దాని ఆయుష్షు ఎన్నో వంతు అవుతుంది?

జవాబులు: 1. సుమారు 11.5 శాతం. 2. నెగ్గినవి 167, వాటిలో చెడ్డవి 5, అంటే సుమారు 3 శాతం. 3. 27వ వంతు.